ముప్ఫై ఒక్క మునకలు

ఆంటీ పోయి నెల దాటింది. పోయినవాళ్ళ గురించి మంచి చెప్పాలంటారు. నేనూ మంచే చెబుతాను. కానీ ముందు మా నీలం కేబుల్ సంగతి తేలాలి.

ఆ కేబుల్ మూడు మీటర్లు. బ్రాడ్‌బ్యాండ్ పెట్టినప్పుడు ఊరికే వచ్చింది కాదు, నేను షాపుకి వెళ్ళి కొలత చెప్పి తెచ్చుకున్నది. హాల్లో టీవీ వెనకున్న మోడెమ్ నుంచి కిటికీ పక్కనున్న కంప్యూటర్ బల్ల దాకా సరిగ్గా సరిపోయేది. మావారి ఆఫీసు కేబుళ్ళలో కలిసిపోకుండా రెండు చివర్లా ఎర్ర నెయిల్‌పాలిష్‌తో చుక్కలు కూడా పెట్టుకున్నాను. ఆంటీ దాన్ని తీసుకెళ్ళి నాలుగేళ్ళు తిరిగివ్వలేదు. బదులుగా ఇచ్చిన బూడిదరంగు కేబుల్ మీటరు కూడా లేదు. అది అందక బల్లని టీవీ పక్కకి జరపాల్సి వచ్చింది. ఆ నాలుగేళ్ళూ నేను కిటికీకి వీపు పెట్టి కూర్చున్నాను. బర్మింగ్‌హామ్‌లో ఎండ కాసే రోజులే తక్కువ. కాసిన ఆ కాస్త ఎండా నా వీపు మీదే కాసింది.

ఆంటీ ఎవరో తెలియనివాళ్ళ కోసం చెబుతాను. అరవై దాటిన మనిషి. కాకినాడ వైపు ఆవిడ. ఇక్కడి ఆసుపత్రిలో రోగుల ఫైళ్ళు చూసే గదిలో చాలాకాలం పనిచేసి రిటైరైంది. చీర మీద స్వెటరు, స్వెటరు మీద మగవాళ్ళ కోటు, చేతిలో బస్సు పాసు, భుజానికి పెద్ద సంచి. ఆ సంచిలో రెండు వస్తువులు తప్పకుండా ఉండేవి. ఒకటి పాత పట్టు జాకెట్టు గుడ్డతో తనే కుట్టుకున్న సీడీల సంచి. రెండోది వెల్లుల్లి.

ఆ రోజుల్లో మన తెలుగువాళ్ళ ఇళ్ళలో కంప్యూటర్ చెడిపోతే అంతా తుడిచేసి సిస్టమ్ మళ్ళీ ఎక్కించడం ఒకటే మందు. దాన్ని ఫార్మాట్ అనేవాళ్ళం. ఫార్మాట్ చేయడం చాలామందికి వచ్చు. మావారికీ వచ్చు. ఆ తర్వాత చేయాల్సిన పని ఎవరికీ తెలియదు, ఆంటీకి తెలుసు. సీడీలో ఉన్న సిస్టమ్ పాతది. అది తయారయ్యాక బయటపడ్డ కంతలన్నీ అందులో అలాగే ఉంటాయి. వాటిని పూడ్చే అప్‌డేట్లు నెట్‌లో దొరుకుతాయి. కానీ వాటికోసం నెట్ తగిలించామా, అవి దిగేలోపే నెట్‌లో తిరిగే పురుగొకటి ఆ కంతలోంచి లోపలికొచ్చేస్తుంది. అందుకే ఆంటీ అప్‌డేట్లన్నీ తన ఇంట్లో దించుకుని, సీడీల మీదికి ఎక్కించుకుని, ఇంటింటికీ మోసుకొచ్చేది.

ఒక్కో అప్‌డేట్ ఎక్కాక కంప్యూటర్ ఆగి మళ్ళీ లేవాలి. దాన్ని అందరూ రీస్టార్ట్ అంటారు. ఆంటీ మునక అనేది. "ఇంకో మునక వెయ్యనీ." "ఎన్నో మునక ఇది?" గోదావరిలో పిల్లల్ని ముంచి లేపుతున్న మనిషిలాగే మాట్లాడేది.

ఆవిడకొక నియమం ఉండేది. మౌస్ ముట్టుకోదు. కంప్యూటర్ ఎవరిదో వాళ్ళు కుర్చీలో కూర్చోవాలి. ఆంటీ వెనక స్టూలు మీద కూర్చుని వెల్లుల్లి ఒలుస్తూ ఏం నొక్కాలో చెబుతుంది. తెర మీద ఏదైనా వస్తే దాన్ని పైకి చదవాలి. చదవకుండా ఓకే నొక్కితే, "ఏం రాసిందో చదివావా? చదవకుండా సంతకం పెట్టేశావా?" అని అడిగేది. అలా ఒలిచిన వెల్లుల్లి మన ఇంట్లోనే వదిలేసి పోయేది. పెద్ద అప్‌డేట్ అయితే గిన్నెడు, చిన్నదైతే నాలుగు రెబ్బలు.

నాకు ఆవిడతో పనిపడింది ఒక దసరా వారంలో. మేం కర్నూలు నుంచి వచ్చి రెండేళ్ళయింది. అక్కడ ఆరేళ్ళు హైస్కూల్లో లెక్కలు చెప్పినదాన్ని, ఇక్కడ డిపెండెంట్ వీసా మీద ఇంట్లో ఉన్నాను. స్కూళ్ళలో టీచింగ్ అసిస్టెంట్‌గా చేరడానికి కాలేజీలో ఒక కోర్సు చేస్తున్నాను. ఆఖరి అసైన్‌మెంట్ సోమవారం మధ్యాహ్నం పన్నెండు లోపల ఈమెయిల్‌లో పంపాలి. పంపకపోతే సర్టిఫికెట్ లేదు, ఇంకో ఏడాది ఆగాల్సిందే. అంతకుముందొకసారి జ్వరమొచ్చి గడువు అడిగాను. "ఇదే చివరిసారి" అంది మా ట్యూటర్, నా మొహం వైపు కూడా చూడకుండా. అదీ గుర్తుంది నాకు.

ఆ ముందటి ఆదివారం మావారు కంప్యూటర్ నెమ్మదిగా ఉందని ఫార్మాట్ చేసి, సాయంత్రం రైలుకి న్యూకాసిల్ వెళ్ళిపోయారు. అప్పుడు ఆయన ప్రాజెక్టు అక్కడ. సాఫ్ట్‌వేర్ మనిషే గానీ ఇంట్లో కంప్యూటర్ సంగతి ఆయనకి పెద్దగా తెలియదు. ఆయన అలా వెళ్ళగానే నేను నెట్ తగిలించాను. టీ తాగేలోపు తెర మీద ఒక చిన్న పెట్టె వచ్చింది. ఇంకో అరవై సెకన్లలో కంప్యూటర్ ఆగిపోతుందని చెప్పి అంకెలు వెనక్కి లెక్కపెట్టడం మొదలుపెట్టింది. ఆగింది, లేచింది. మళ్ళీ అదే పెట్టె. గురువారం దాకా అదే తంతు.

ఆ వారంలోనే విజయదశమి. ఆయుధపూజకి కత్తిపీట, మిక్సీ, కారు తాళాలు, కంప్యూటర్, అన్నిటికీ బొట్లు పెట్టాను. కంప్యూటర్ ఎలాగూ చావబతుకుల మీద ఉందని దాని సిస్టమ్ సీడీకి కూడా ప్రత్యేకంగా పసుపు రాసి కుంకుమ పెట్టాను.

మా పక్క వీధి సుజాత ఆంటీకి ఫోన్ చేసి పిలిచింది. శుక్రవారం పొద్దున్న ఆంటీ వచ్చింది, తోడుగా సుజాత కూడా. చెప్పులు విప్పుతూనే కేబుల్ చూసింది.

"ముందు ఆ తాడు పీకు."

"అప్‌డేట్లు నెట్‌లోంచే కదా ఆంటీ వచ్చేది?"

"తలుపు తీసిపెట్టి ఇల్లు కడుగుతావా అమ్మాయ్? పీకు."

పీకాను. ఆ అరవై సెకన్ల పెట్టె ఇక రాలేదు. ఆ వారం పెట్టెకీ పెట్టెకీ మధ్య కొంత రాసుకున్న నా అసైన్‌మెంట్‌ని నా చేతే ఫ్లాపీలోకి ఎక్కించింది. రెండు ఫ్లాపీల్లోకి, ఒకటి నమ్మలేం అని. తర్వాత సిస్టమ్ సీడీ అడిగింది. ఇచ్చాను. డబ్బా తెరిచి కాసేపు అలాగే చూసింది.

"ఇదేంటి?"

"పసుపు ఆంటీ. ఆయుధపూజ కదా."

"చెయ్యాల్సిందే. కత్తికి పిడి దగ్గర పెడతావా బొట్టు, పదును మీద పెడతావా?"

"మెరిసేదే ముఖం అనుకున్నా ఆంటీ."

సుజాత నవ్వీ నవ్వీ సోఫాలో పడిపోయింది. నాకు నవ్వు రాలేదు. మన ఇంట్లో, మన సీడీ, మన భక్తి. ఆంటీ మాత్రం నవ్వలేదు, అది ఒప్పుకోవాలి. సీడీని సింకు దగ్గరికి తీసుకెళ్ళి, గిన్నెల సబ్బు రెండు చుక్కలు వేసి, తన కొంగు చివరతో తుడిచింది. "గుండ్రంగా కాదు. మధ్యలోంచి అంచుకి. చూస్తున్నావా?" అంది. పసుపు పూర్తిగా పోలేదు. లేత మరక ఒకటి మిగిలింది. అయినా కంప్యూటర్ దాన్ని చదివింది.

సిస్టమ్ ఎక్కడానికి గంట పైనే పట్టింది. తర్వాత అప్‌డేట్లు. ఒకటో మునక, రెండో మునక. బయట వాన, లోపల గదిని వెచ్చగా ఉంచే రేడియేటర్ మీద ఆరేసిన బట్టల వాసన, వెనకనుంచి వెల్లుల్లి వాసన. నాలుగో మునక అయ్యాక ఆంటీ లేచింది.

"టీ నేను పెట్టుకుంటా. మీ కర్నూలు టీలో పాలూ కనపడవు, ఆకూ కనపడదు. అంతా పంచదారే."

అదొకటి. రాసి పెట్టుకున్నాను మనసులో.

ఆవిడ వంటింట్లోకి వెళ్ళింది. సుజాత పత్రిక తిరగేస్తోంది. నా కళ్ళు కేబుల్ మీదికి పోయాయి. బుధవారం లైబ్రరీకి వెళ్ళి ట్యూటర్‌కి ఈమెయిల్ పెట్టాను, కంప్యూటర్ చెడిపోయింది, రెండు రోజులు ఇవ్వండి అని. జవాబు వచ్చిందో లేదో. చూడ్డానికి ఒక్క నిమిషం చాలు. నాలుగు అప్‌డేట్లు అయ్యాయి కదా, ఆ మాత్రం రక్షణ ఉండదా అనుకున్నాను. తగిలించాను.

ట్యూటర్ జవాబు వచ్చే ఉంది. "సారీ, నో." ఆ రెండు మాటలూ చదువుతుండగానే పెట్టె వచ్చింది. అరవై, యాభై తొమ్మిది, యాభై ఎనిమిది.

ఆంటీ టీ కప్పుతో వచ్చి తెర చూసింది. నా మీద అరవలేదు. స్టూలు మీద కూర్చుని రెండు గుటకలు తాగింది. తర్వాత నాతో కాదు, సుజాతతో అంది.

"ఈ అమ్మాయికి చెయ్యి ఆగదమ్మా."

నా ఇంట్లో, నా ముందు, నేను లేనట్టు. ఆంటీ లేచి, కేబుల్ రెండు వైపులా ఊడదీసి, అరచేతికీ మోచేతికీ మధ్య నూలు చుట్టినట్టు చుట్టింది. చుట్టి సంచిలో వేసుకుంది.

"అది నా కేబుల్ ఆంటీ."

"తెలుసు. చుక్కలు పెట్టుకున్నావుగా."

"నేనేమన్నా చిన్నపిల్లనా? ఆరేళ్ళు టెన్త్ క్లాసుకి లెక్కలు చెప్పినదాన్ని!"

"అయితే వరసగా చెయ్యడం తెలిసే ఉంటుంది." సంచిలోంచి నాలుగు సీడీలు, ఒక కాగితం తీసి బల్ల మీద పెట్టింది. కాగితం మీద చక్కటి గుండ్రటి అక్షరాలతో ముప్ఫై ఒక్క పేర్లు, అంకెలు. "మళ్ళీ మొదట్నించీ తుడిచి ఎక్కించు. తర్వాత ఈ వరసలో. ఒక్కో మునక అయ్యాక నాకు ఫోన్ చెయ్. నేను రాను."

"సోమవారం పన్నెండుకి పంపాలి ఆంటీ. లేకపోతే నా ఏడాది పోతుంది. కేబుల్ లేకుండా ఎట్ల పంపేది?"

"పన్నెండుకి కదా. తొమ్మిదిన్నరకల్లా తాడు తెస్తా." కోటు వేసుకుంది. తలుపు దగ్గర ఆగి, "వెల్లుల్లి ఫ్రిజ్‌లో పెట్టుకో" అంది.

శనివారం పొద్దున్న షాపుకి వెళ్ళి ఇంకో కేబుల్ తెచ్చుకుందామని కోటు కూడా వేసుకున్నాను. మెట్ల దాకా వెళ్ళి ఆగాను. కొత్త కేబుల్ తగిలించాక మళ్ళీ పురుగు వస్తే? చెయ్యి ఆగదని ఆవిడ అన్నది నిజమైపోతుంది. నా ఏడాది పోవడం ఒకెత్తు, ఆ మాట నిజం కావడం ఒకెత్తు. కోటు విప్పేసి కుర్చీలో కూర్చున్నాను. లైబ్రరీలో మనిషికి గంటే ఇస్తారు, నా అసైన్‌మెంట్ సగం కూడా కాలేదు. ఇంట్లో ఈ డబ్బా లేస్తేనే నా పని అవుతుంది.

మావారు ఫోన్ చేశారు. ఆ వారాంతం ఆఫీసులో ఆయన వంతు డ్యూటీ, ఇంటికి రాలేరు.

"నువ్వేం ముట్టుకోవద్దు. వచ్చే వారం వచ్చి నేను చూస్తా."

"నువ్వు చూసిందే ఇది" అన్నాను.

మళ్ళీ తుడిచాను. మరక ఉన్న సీడీ వేసి సిస్టమ్ ఎక్కించాను. ఒకటో అప్‌డేట్ చాలా పెద్దది. దాని ముందు ఊరికే కూర్చోలేక నోట్‌బుక్ తీసి మిగిలిన అసైన్‌మెంట్ చేత్తో రాయడం మొదలుపెట్టాను. కంప్యూటర్ మునిగి లేచింది. ఆంటీకి ఫోన్ చేశాను.

అవతల హలో లేదు, ఎవరు అనీ లేదు.

"చదువు."

తెర మీద ఉన్నది చదివాను.

"ఆఁ. తర్వాతది." ఫోన్ పెట్టేసింది.

శనివారమంతా అదే. చదువు. ఆఁ. తర్వాతది. బాగా చేశావు అని కూడా లేదు. ఒకసారి ఆంటీ గిన్నెలు కడుగుతోంది, ఇంకోసారి ఏదో నములుతోంది, ఒకసారి వాళ్ళమ్మాయి పక్కనుంచి "మమ్, హూ ఈజ్ ఇట్ అగెయిన్?" అంటోంది. ప్రతిసారీ మూడు మాటలే.

పద్నాలుగోది ఎక్కలేదు. ఎర్ర గుర్తుతో పెట్టె వచ్చింది. ఫోన్ చేశాను.

"చదువు."

"ఆంటీ, పోయింది ఆంటీ! ఇది ఎక్కట్లేదు, మళ్ళీ పురుగేమో, నా ఖర్మ ఇంతే, నేను చెప్తూనే ఉన్నా..."

"అమ్మాయ్. నీ ఏడుపు కాదు. అది ఏం రాసిందో చదువు."

చదివాను. మొదటిసారి వేగంగా, రెండోసారి నెమ్మదిగా. రెండోసారి చదువుతుంటే అర్థమైంది. దీనికంటే ముందు ఎక్కాల్సినది ఎక్కలేదు అంటోంది. కాగితం చూశాను. తొమ్మిది. తొమ్మిదోది నేను వదిలేశాను. దాని పేరు చూస్తే పాటలూ వీడియోలూ చూసేదాని కోసం అనిపించింది. మనం పాటలు వినం కదా, ఎందుకులే అని దాటేశాను. దాటేసినట్టు ఆంటీకి చెప్పలేదు కూడా. ఎనిమిది అయ్యాక పదోది చేసి, దాన్నే తొమ్మిదని చదివాను.

"కనపడిందా?" అంది ఆంటీ.

"కనపడింది."

"ఏం చెయ్యాలో నేను చెప్పాలా?"

"వద్దు."

"ఆఁ." పెట్టేసింది.

తొమ్మిదోది ఎక్కించాను. పద్నాలుగోది మళ్ళీ వేశాను, ఎక్కింది. ఆ క్షణంలో ఎవరి మీదా కోపం లేదు నాకు. అలాంటి క్షణాలు నా జీవితంలో తక్కువ గనక బాగా గుర్తుంది. మా ఇంట్లోకి ఆ యంత్రం వచ్చిన రోజు నుంచీ "నువ్వు ముట్టుకోవద్దు" అనే మాటే విన్నాను. అది చెప్పింది నేను చదివాను, నేను చెప్పింది అది విన్నది. బోర్డు మీద లెక్క తప్పు ఎక్కడ జరిగిందో వెనక్కి వెళ్ళి పట్టుకున్నప్పుడు ఉండే సంతోషం. కర్నూలు వదిలాక ఆ సంతోషం మళ్ళీ అప్పుడే.

ఆదివారం నాలుగింటికి ముప్ఫై ఒకటోది అయింది.

"చదువు."

"ఇన్‌స్టలేషన్ కంప్లీట్ అని రాసింది ఆంటీ. ఇదే ఆఖరిది."

"ఆఁ." ఈసారి వెంటనే పెట్టెయ్యలేదు. "అన్నం తిన్నావా?"

ఆ రెండు రోజుల్లో ఆవిడ నన్ను అడిగిన ఏకైక కుశలప్రశ్న అది. తినలేదు నిజానికి. తిన్నానని చెప్పాను. రాత్రి భోజనాల వేళకల్లా నోట్‌బుక్‌లో ఉన్నదంతా టైపు చేసేశాను.

సోమవారం తొమ్మిదీ ఇరవైకి బెల్లు మోగింది. వానలో తడిసిన కోటు, సంచి. సంచిలోంచి కేబుల్ తీసింది. బూడిదరంగుది. మీటరు కూడా లేదు.

"నా నీలం కేబుల్ ఏదాంటీ?"

"ఇప్పుడు నీకు పంపడం ముఖ్యమా, రంగు ముఖ్యమా?"

ఇద్దరం కలిసి బల్లని టీవీ దగ్గరికి లాగాం. తగిలించాను. ఆంటీ స్టూలు మీద కూర్చుంది. నేను తెర వంక చూస్తూ, ఇంకా కోటు విప్పని ఆవిడ ఊపిరి వింటూ, అయిదు నిమిషాలు లెక్కపెట్టాను. పది నిమిషాలు. పెట్టె రాలేదు. పది గంటలకి అసైన్‌మెంట్ పంపేశాను. అందింది అని కాలేజీ నుంచి జవాబొచ్చింది. పైకి చదివాను, అడక్కుండానే.

"సరే. టీ పెట్టు" అంది. "ఈసారి పంచదార తగ్గించు."

కోర్సు పాసయ్యాను. మరుసటి వేసవి తర్వాత మా ఇంటికి రెండు స్టాపుల దూరంలో ప్రైమరీ స్కూల్లో చేరాను. ఇంకో ఏడాదికి ఆ స్కూలు కంప్యూటర్ గది తాళాలు కూడా నా చేతికే వచ్చాయి. మిగతావాళ్ళు దాని జోలికి పోవడానికి భయపడేవాళ్ళు. ఇవన్నీ మంచి విషయాలే. కానీ ఆ ఏడాది దీపావళి భోజనాల్లో ఆంటీ ఏం చేసిందో కూడా చెప్పాలి. నలభై మంది ముందు నన్ను చూపించి, "సీడీకి పసుపు రాసిన అమ్మాయి ఈవిడే" అంది. అప్పట్నించీ బర్మింగ్‌హామ్‌లో సగం మందికి నా పేరు తెలియదు. పసుపు సీడీ అంటే తెలుసు. ముప్ఫై ఒక్క అప్‌డేట్లు ఒంటరిగా ఎక్కించిన అమ్మాయి అని కూడా అనొచ్చు కదా. అనలేదు.

కేబుల్ మూడుసార్లు అడిగాను. ఒకసారి ఫోన్‌లో, ఒకసారి గుడిలో, ఒకసారి బస్టాపులో. మూడుసార్లూ ఒకటే మాట.

"ఇచ్చింది పనిచేస్తోందా?"

"చేస్తోంది."

"మరింకేం?"

మూడోసారి తర్వాత అడగలేదు. మర్చిపోనూ లేదు.

పోయిన నెల వాళ్ళ ఇంటికి వెళ్ళాను. పదకొండో రోజు. సుజాతా, మరికొందరూ వచ్చారు. అందరూ హాల్లో కూర్చుని మాట్లాడుకుంటుంటే నేను మంచినీళ్ళకి వంటింట్లోకి వెళ్ళాను. అక్కడ రేడియేటర్ పక్కన చిన్న బల్ల, దాని మీద ఆంటీ కంప్యూటర్. బల్ల వెనకనుంచి ఒక నీలం కేబుల్ గోడ అంచు వెంబడి, తలుపు కింద నుంచి, ముందు నడవాలో ఫోన్ పక్కనున్న మోడెమ్ దాకా పోతోంది. అడుగడుగునా టేపు ముక్కలతో నీటుగా అతికించి ఉంది. వంగి చూశాను. ఎర్ర చుక్క.

వెనకాల వాళ్ళమ్మాయి నిలబడి ఉంది. ఇక్కడే పుట్టి పెరిగిన పిల్ల, తెలుగు అర్థమవుతుంది గానీ ఇంగ్లీషులోనే మాట్లాడుతుంది. ఆ పిల్ల చెప్పింది నా మాటల్లో రాస్తున్నాను. అమ్మ దగ్గరున్న కేబుల్ పొట్టిదట. వంటింటి దాకా వచ్చేది కాదట. అందుకని కంప్యూటర్ నడవాలో పెట్టుకుని, కోటు వేసుకుని మెట్ల మీద కూర్చునేదట. అప్‌డేట్లన్నీ దించి సీడీలకి ఎక్కించేదాకా గంటలకొద్దీ అక్కడే. ఆ నడవాలో రేడియేటర్ లేదు. మోకాళ్ళ నొప్పులు. "దెన్ వన్ వీకెండ్ షీ మూవ్డ్ ఇంటు ద కిచెన్," అని నవ్వింది. "షీ వజ్ సో ప్లీజ్డ్ విత్ హర్‌సెల్ఫ్."

ఆ వారాంతం ఏదో నాకు తెలుసు. నేను ఒకటో మునక నుంచి ముప్ఫై ఒకటో మునక దాకా ఫోన్ చేస్తున్న వారాంతం.

నీళ్ళు తాగాను. ఆ తర్వాత నాలుగేళ్ళపాటు సుజాత ఇంటికీ, ఇంకా ఎన్నో ఇళ్ళకీ ఆంటీ సంచిలో మోసుకెళ్ళిన ప్రతి అప్‌డేటూ ముందు నా మూడు మీటర్ల కేబుల్‌లోంచి వచ్చిందన్నమాట. మరి అడగొచ్చు కదా? నడవాలో చలిగా ఉంటోందమ్మాయ్, ఇది నేను ఉంచుకుంటా అనొచ్చు కదా? అడిగితే ఇచ్చేదాన్ని. ఇవ్వకపోయేదాన్నేమో కూడా. ఆ వారం నేనున్న కోపానికి ఇచ్చేదాన్ని కాదని ఆవిడకి తెలిసే ఉంటుంది.

అమ్మ కంప్యూటర్ సామాన్లు, పాతవి ఊరికే తీసుకునే చారిటీ షాపుకి ఇచ్చేద్దామనుకుంటున్నాను అంది ఆ పిల్ల. నేను తీసుకుంటానన్నాను. పట్టు గుడ్డ సీడీ సంచి ఇచ్చింది. కేబుల్ ఇది నాదే అని చెప్పాను, చుక్కలు చూపించి మరీ. ఇద్దరం నేల మీద కూర్చుని టేపు ముక్కలు ఒక్కొక్కటే ఊడదీశాం. హాల్లోంచి సుజాత తొంగిచూసి, "ఇవాళ కూడానా నీ కేబుల్ గోల!" అంది. ఇవాళే అన్నాను.

ఇంటికొచ్చి బల్లని మళ్ళీ కిటికీ దగ్గరికి లాగాను.

మా కింది ఫ్లాట్‌లోకి ఈమధ్య వరంగల్ నుంచి కొత్తగా పెళ్ళైన అమ్మాయి వచ్చింది. ఎవరో ఇచ్చిన పాత కంప్యూటర్. దాని మీద సాధన చేసి అకౌంట్స్ పరీక్షకి కూర్చోవాలట. వాళ్ళాయన ఫార్మాట్ చేసి వాట్‌ఫర్డ్ ఆఫీసుకి వెళ్ళిపోయాడు. కంప్యూటర్ ముందు ఆ అమ్మాయి ఏడుపు మొహంతో నిలబడి ఉంది. పోయిన శుక్రవారం సీడీ సంచి భుజాన వేసుకుని వెళ్ళాను. ఆ అమ్మాయిని కుర్చీలో కూర్చోబెట్టి నేను స్టూలు మీద కూర్చున్నాను. మూడో మునకకి ఆ అమ్మాయి చెయ్యి నెట్ కేబుల్ మీదికి పోయింది.

నేను లేచి కేబుల్ ఊడదీసి, అరచేతికీ మోచేతికీ మధ్య చుట్టి, హ్యాండ్‌బ్యాగులో వేసుకున్నాను.

"అక్కా, ఇప్పుడు గట్ల పురుగులేం రావట కదా? అదే మంచిగ చేసుకుంటదట గదా?" అంది. అది నిజమే. కొత్త సిస్టమ్‌కి కాపలా ముందే ఉంటుంది. ఆ మాట నేను ఒప్పుకోలేదు.

"నా కేబుల్ మళ్ళ ఎప్పుడిస్తరు?"

"ఈ కాగితంలో ఉన్నవన్నీ వరసగా అయ్యాక. ఒక్కోటీ అయ్యాక ఫోన్ చెయ్."

ఆ అమ్మాయి నా వంక చూసిన చూపు నాకు బాగా తెలుసు. అది ఎన్నేళ్ళు నిలుస్తుందో కూడా తెలుసు. అందుకే ఇంటికొచ్చి ముందు ఆ కేబుల్‌కి రెండు చివర్లా నెయిల్‌పాలిష్ చుక్కలు పెట్టాను. ఎవరి కేబుల్ వాళ్ళకే తిరిగిస్తాను నేను. రేపు నా గురించి ఎవరూ ఇలా రాయకూడదు.

శనివారం పదింటికి, కిటికీలోంచి ఎండ నేరుగా మొహం మీద పడుతుండగా, వెల్లుల్లి ఒలుస్తున్నాను. ఫోన్ మోగింది. తీశాను.

"చదువు" అన్నాను.